పళ్ళు కనిపించేలా నవ్వకు

1892లో లండన్‌లోని గ్రేట్ పోర్ట్‌లాండ్ వీధిలో ఒక ఇంటర్వ్యూ జరిగింది. వీధిలో అంటే నిజంగా వీధిలోనే. నేషనల్ డెంటల్ హాస్పిటల్ గుమ్మం బయట, ఫుట్‌పాత్ మీద. ఒక పక్క డీన్ హెన్రీ వైస్, ఇంకో పక్క దంతవైద్యం చదువుతానని వచ్చిన లిలియన్ మర్రే అనే అమ్మాయి. ఆమె లోపల అడుగు పెడితే మగ విద్యార్థుల ధ్యాస చెదిరిపోతుందని డీన్‌గారి భయం. అందుకని తానే బయటికొచ్చి, నిలబెట్టి నాలుగు ప్రశ్నలడిగి, నిలబెట్టే పంపించేశాడు.

అసలు ఆ అమ్మాయికి పళ్ళ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. బడిలో ఉండగా హెడ్మిస్ట్రెస్ ఆమెను బధిర పిల్లల టీచరుగా వెళ్ళమంది. ఈ పిల్ల వెళ్ళనంది. నా మాట వినకపోతే నువ్వు ఇంకేదీ చెయ్యకుండా చూస్తానని ఆవిడ బెదిరించింది. నేను డెంటిస్టునైతే మీరేం ఆపగలరని ఈ పిల్ల ఎదురు చెప్పింది. ఆ క్షణానికి నోటికొచ్చిన మాటే తప్ప అంతకుముందు ఆ ఆలోచనే లేదట! ఆ హెడ్మిస్ట్రెస్ ఎవరో కాదు, ఇంగ్లండులో ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా పోరాడిన ఫ్రాన్సెస్ మేరీ బస్. పోరాడినవాళ్ళు కూడా పిల్లల దారిని తామే గీయాలనుకుంటారు, ఏం చేస్తాం. లండన్ కాదన్నాక లిలియన్ ఎడింబరో వెళ్ళింది. ఎవడో పేదవాడి నోటికాడి కూడు లాక్కుంటున్నావమ్మా అని అక్కడో పెద్దమనిషి నొచ్చుకున్నాడు. 1895లో ఆమె పట్టా పుచ్చుకుని బ్రిటన్‌లో అర్హత పొందిన మొదటి మహిళా దంతవైద్యురాలయింది. 1946లో బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలు కూడా అయింది.

ఈ కథ నాకు తెలిసింది బి.డి.ఎస్. పూర్తయిన చాలా ఏళ్ళకి. ఈమధ్య మా బ్యాచ్ వాళ్ళు సావనీరు వేస్తూ ‘ఫస్టియర్ హాస్య జ్ఞాపకాలు’ రాసిమ్మని అడిగారు. ఒక పేజీ దాటకూడదు, సరదాగా ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు. పన్ను ఊడాలి, నొప్పి తెలియకూడదు అన్నట్టు. కూచుని రాస్తుంటే ఒక్క పేజీలో ఇమడలేదు. పైగా ఒక సంగతి మనసులో మెదిలింది. ఈ తరగతి గదుల్లోకి ఆడవాళ్ళు ఎలా వచ్చారన్న చరిత్రలో సగం జోకుల రూపంలోనే మిగిలింది. ఫుట్‌పాత్ ఇంటర్వ్యూ జోకే, నోటికాడి కూడూ జోకే. మా ఫస్టియరూ అంతే. అయితే ఆ జోకులో నవ్వింది ఎవరు, నవ్వులపాలయింది ఎవరు అన్న లెక్క తీస్తే ఆ పేజీ సావనీరుకి పనికిరాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆడపిల్లకీ పళ్ళకీ మన దగ్గర పాత వైరం ఉంది. పళ్ళు కనిపించేలా నవ్వకు అనే మాట వినకుండా పెరిగిన పిల్ల ఈ పత్రిక పాఠకుల్లో ఉంటుందా? నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత అందరికీ చెప్పిందే అయినా అమలు మాత్రం మన మీదే. అదే నోటిని పెళ్ళిచూపుల్లో మాత్రం తెరిచి చూపించాలి. మా పెద్దమ్మ కూతుర్ని చూడ్డానికొచ్చినవాళ్ళు ఆమెను పాట పాడమన్నది గొంతు కోసం కాదు, ఎత్తుపళ్ళున్నాయేమో చూసుకోవడం కోసం.

మా ఊరు జహీరాబాద్. అప్పటి మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మా వైపు పళ్ళను పండ్లంటాం, పళ్ళెంలో పెట్టుకుని తినేవాటినీ పండ్లే అంటాం. నాకు పండ్ల డాక్టరు సీటొచ్చిందని నాయిన బజారంతా చెప్పి వస్తే, పక్కింటి అవ్వ “జామపండ్లకు సుత డాక్టర్లుంటరా బిడ్డా?” అంది. ఆమె నిజంగా అడిగిందో వేళాకోళమాడిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ అవ్వ రోజూ పొద్దున తంబాకు పొడితో చిగుళ్ళు రుద్దుకునేది. ఆమె నోట్లో ఉన్నవి ఆరో ఏడో పళ్ళు, అన్నీ నల్లనివే. మా గల్లీలో వయసు మళ్ళిన ముస్లిం స్త్రీలు ఒకరిద్దరు ‘మిస్సీ’ ముచ్చట చెప్పేవారు. అన్నభేది, మైలతుత్తం, మాచికాయ, కరక్కాయ లాంటివి కలిపి నూరిన పొడి అది. దక్కన్‌లోనూ ఉత్తరాదిలోనూ ఒకప్పుడు అది స్త్రీల సింగారం. పళ్ళ సందులూ చిగుళ్ళూ నల్లబడితే అందం, అది సుమంగళి గుర్తు కూడా. ఆ తర్వాత తెల్లటి పళ్ళే అందమనే కాలం వచ్చింది. మా పాఠ్యపుస్తకంలో మిస్సీ, తంబాకు, తమలపాకు అన్నీ ఒకే మాట కింద పడి ఉన్నాయి: ‘బయటి మరక’. రెండు మూడు వందల ఏళ్ళ ఆడవాళ్ళ సింగారం ఒక్క మాటలో గీకిపారేయాల్సిన మరక అయిపోయింది. పరీక్షలో నేనూ మరకనే రాశాను, మార్కులు కావాలి కదా.

నేను చదివింది సరిహద్దు అవతల, కర్ణాటకలో ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో. 1990లో చేరాను. అక్కడికి ఎందుకెళ్ళాల్సొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. హైదరాబాదులో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా 1959లో దంతవైద్య విభాగం మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ అదే. అక్కడి సీటుకి నా ఎంసెట్ ర్యాంకు చాల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేశారు. మంచి చట్టమే. కాకపోతే డబ్బు కట్టగలిగినవాళ్ళూ, అప్పు చేసైనా కట్టాలనుకున్నవాళ్ళూ బస్సెక్కి పక్క రాష్ట్రం వెళ్ళారు. మా ఊరి నుంచి అదెంత దూరం! బీదర్ 30 కిలోమీటర్లు అటూ ఇటూ.

ఇక్కడే నాకు ఎప్పుడూ నవ్వొచ్చే చరిత్ర ఒకటుంది. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో జిల్లాను ముక్కలు చేసి జహీరాబాద్, న్యాల్కల్, నారాయణఖేడ్ ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. మా అమ్మమ్మకి కోర్టన్నా కచేరీ అన్నా బీదరే. ఆమె మాటల్లో సగం కన్నడం, పావు ఉర్దూ. అదే అమ్మమ్మ మనవరాలు 1990లో అటు వెళ్తే ‘కర్ణాటకేతర విద్యార్థిని’. 1989 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజులకు మూడు మెట్లు కట్టింది. ప్రభుత్వ కోటా సీటయితే ఏడాదికి 2,000 రూపాయలు. ఆ కోటాలో రాని కర్ణాటక విద్యార్థులకు 25,000 దాకా. బయటి రాష్ట్రాలవాళ్ళకు 60,000 దాకా. ఆ నోటిఫికేషన్ మెడికల్ సీట్లది. మా డెంటల్ కాలేజీ యాజమాన్యానికి కూడా ఆ మెట్ల పద్ధతి తెగ నచ్చింది, అంకెలు మాత్రం తమకు తోచినట్టు వేసుకున్నారు. ఢిల్లీ నుంచి వచ్చినమ్మాయీ నేనూ ఒకే మెట్టు మీద. ఆమె రెండు రాత్రులు రైల్లో ప్రయాణం చేసేది. నేను ఇంట్లో తిన్న జొన్నరొట్టె అరక్కముందే హాస్టల్లో ఉండేదాన్ని.

ఆ నోటిఫికేషన్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఒక అమ్మాయే. మీరట్ నుంచి వచ్చిన మోహినీ జైన్. తుమకూరులో మెడికల్ సీటుకి ఏడాదికి 60,000 అడిగితే తండ్రి కట్టలేనన్నాడు. 1992 జూలైలో కోర్టు క్యాపిటేషన్ ఫీజు చెల్లదని, చదువు హక్కని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో దాన్ని సవరించి ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అనే ఏర్పాటు చేశారు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో అదీ పోయింది. ఇవన్నీ లా విద్యార్థులు చదువుకుంటారు. తక్కువమంది గుర్తుపెట్టుకునేది ఒకటుంది. మోహినీ జైన్‌కి ఆ సీటు దక్కలేదు. క్లాసులు మొదలై చాలాకాలమయింది, ఆమెది మెరిట్ ప్రవేశం కూడా కాదు, కనుక చేర్చుకోమని చెప్పలేమని అదే తీర్పులో రాశారు. పేరు కేసుకి మిగిలింది. దేశమంతా ఆ పేరుతో హక్కుని ఉదహరిస్తుంది.

ఇక మా క్లాసు. అరవైమందిలో ఇరవై నలుగురం అమ్మాయిలం. మొదటి ఏడాది డెంటల్ విద్యార్థి అంటే బయటివాళ్ళకు తెల్లకోటు, పట్టకారు గుర్తొస్తాయి. కానీ ఆ ఏడాదంతా బతికున్న మనిషి నోట్లో వేలు పెట్టనివ్వరు. శవం, ఎముకలు, మైనం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఇవే. ఇవన్నీ ఒక ఎత్తు, పళ్ళు సేకరించడం ఒక ఎత్తు. ప్రతి విద్యార్థీ పీకేసిన మనిషి పళ్ళు సంపాదించి, శుభ్రం చేసి, రకం ప్రకారం ప్లాస్టర్ దిమ్మలో నిలబెట్టి చూపించాలి. ఎక్కణ్ణుంచి తెస్తారో మీ ఇష్టం.

అప్పుడు తెలిసింది పళ్ళకీ ఒక బజారుందని. ముసలివాళ్ళ కదిలే కింది ముందుపళ్ళు కావలసినన్ని. పుచ్చిన దవడపళ్ళు శేర్లకొద్దీ, కానీ సగం తలకాయ ఉండదు. క్లిప్పులు పెట్టే డాక్టర్ల దగ్గర ప్రీమోలార్లు మంచివి దొరుకుతాయి, చోటు కోసం గట్టి పళ్ళనే తీసేస్తారు కనుక. కరువంతా పై కోరపన్నుకే. నోట్లో అన్నిటికన్నా పొడుగు వేరున్న పన్ను అది, అన్నీ ఊడినా అది ఊడదు. మా హాస్టల్లో ఒక పై కోరపన్నుకి రెండు దవడపళ్ళు, ఒక మసాలాదోసె మారకం రేటు.

సెలవులకు ఇంటికొచ్చి మా ఊళ్ళో పళ్ళు పీకే ప్రతి చోటుకీ హార్లిక్స్ సీసా పట్టుకుని వెళ్ళేదాన్ని. ఒక ఆర్.ఎం.పి. డాక్టరు నన్ను పేషెంటనుకుని కుర్చీలో కూచోబెట్టాడు. కాదు, పీకినవి కావాలన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, “ఏ ఇంటి పిల్లవమ్మా, మీ నాయినకు ఎరుకనా?” అన్నాడు. చేతబడికేమో అనుకున్నాడట! తర్వాత ఆయనే నెలనెలా కాగితంలో పొట్లం కట్టి ఉంచేవాడు. మా అమ్మ ఆ సీసాను వంటింటి గడప దాటనివ్వలేదు, తులసికోట వైపు అసలే రానివ్వలేదు. చివరికి దానికి గొడ్ల కొట్టంలో చోటు దొరికింది. ఒకసారి తిరుగు ప్రయాణంలో సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బస్సాపి సంచులు వెతికారు. సారా కోసం వెతుకుతున్న మనిషి చేతికి సీసా తగిలింది. ముఖం వెలిగిపోయింది. వెలుతురులోకి తీసి చూశాడు. నూటపాతిక పళ్ళు. “పండ్లు సార్” అన్నాన్నేను. బస్సంతా నవ్వింది. ఆయన సీసా నా ఒళ్ళో పెట్టేసి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ దిగిపోయాడు. సావనీరుకి కావలసింది ఈ కథే, నాకు తెలుసు.

మైనం ముచ్చట ఇంకో తీరు. వేలెడు మైనం దిమ్మను చాకుతో చెక్కి పన్ను చెయ్యాలి. పన్ను చూడ్డానికి సాదాగా ఉంటుంది, చెక్కబోతే గాని తెలీదు దాని వంపులు. నా మొదటి పన్ను అచ్చం వెల్లుల్లి రెబ్బ. అమ్మాయిలకు బాగానే కుదిరేది. “ముగ్గులేసిన చేతులు కదా” అనేవారు మాస్టారు. అబ్బాయిలకు కుదిరితే “సర్జన్ చేతులు” అనేవారు. అవే చేతులు, అదే మైనం. సర్జరీ మాటెత్తితే మాత్రం మా చేతులకు బలం లేదనే పాట. పన్ను పీకాలంటే మగాడి మణికట్టు కావాలట. ఇది మూడో ఏడాదిలోగానీ అబద్ధమని తేలలేదు. పన్నును నిజానికి లాగరు. ముందు లోపలికి నొక్కుతారు. అటూ ఇటూ ఒత్తుతూ ఎముక గూడును వెడల్పు చేస్తారు. దానంతటది వదిలేదాకా ఓపిక పట్టాలి. బలం ఉపయోగించినవాడికి వేరు విరిగి లోపల ఉండిపోతుంది. బావిలో నీళ్ళు తోడి, రోకలి దంచిన చేతులకు బలం లేదని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి మాత్రం మా కాలేజీలో లోటు లేదు.

ఈ మాటలేవీ మాతో మొదలవలేదు. ముత్తులక్ష్మి పుదుక్కోట్టై మహారాజా కాలేజీలో చేరితే ఆమెను తెర వెనక కూచోబెట్టి పాఠం చెప్పారు. ఆమె రాకతో మగపిల్లలు చెడిపోతారని కొందరు తండ్రులు గొడవ చేశారు. 1907లో ఆమె మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. ఆ కాలేజీ 1875లోనే మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు స్త్రీలను చేర్చుకుంది. అంటే ముప్పై ఏళ్ళు దాటినా సర్జరీ ప్రొఫెసరు తన క్లాసులోకి ఆడపిల్లల్ని రానిచ్చేవాడు కాదు. ముత్తులక్ష్మికి సర్జరీలో మొదటి స్థానం వచ్చాక గాని ఆ తలుపు తెరుచుకోలేదు. 1912లో ఆమె పట్టా తీసుకుంది. మనకు ఆమె ముత్తులక్ష్మీ రెడ్డిగా, దేవదాసీ నిర్మూలన చట్టం కోసం పట్టుబట్టిన సభ్యురాలిగా తెలుసు. తెర వెనక కూచున్న అమ్మాయిగా కూడా తెలుసుకోవాలి.

మన హైదరాబాదు ఈ విషయంలో కొంచెం ముందే ఉంది. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన అమ్మాయిల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఎడ్వర్డ్ లారీ అనే సర్జను క్లోరోఫాం మీద ప్రయోగాలు చేస్తున్న రోజులవి. 1889లో ఆమె హకీం పట్టా పుచ్చుకుని, ఆ ఊరి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే డాక్టరయింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు. మత్తుమందుని ముందుగా వాడి చూపించిన హోరేస్ వెల్స్, మోర్టన్ ఇద్దరూ పళ్ళ డాక్టర్లే. మా డెంటల్ వాళ్ళం ఎం.బి.బి.ఎస్. వాళ్ళ ముందు చెప్పుకునే గొప్ప ఇదొక్కటే, వదులుకోను.

దంతవైద్యం సంగతికొస్తే, ఈ దేశంలో మొదటి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్. కాలేజీ ఖర్చుల కోసం ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఐస్‌క్రీం దుకాణం నడిపాడు. ఇటు తీపి తినిపించడం, అటు పళ్ళు పీకడం! ఇంత చక్కటి వ్యాపారం మా కాలేజీ యాజమాన్యానికి కూడా తట్టలేదు. ఆ కలకత్తాలో దంతవైద్యం చదువుకున్నవాళ్ళలో ఫాతిమా జిన్నా ఉంది. 1923లో ఆమె బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచింది. 1929లో అన్నగారి భార్య రత్తీ చనిపోయాక, అన్న ఇల్లు చూసుకోవడానికి ఆ క్లినిక్ మూసేసింది. ఆ అన్న మహమ్మదలీ జిన్నా కాబట్టి ఆమె తర్వాతి జీవితమంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆరేళ్ళు నడిచిన ఆ పళ్ళ కుర్చీకి మాత్రం ఒక వాక్యం దక్కింది. 1928లో కలకత్తాలో పట్టా పొందిన తబితా సోలమన్‌నీ, 1940ల్లో లాహోర్‌లో చదివిన విమలా సూద్‌నీ కూడా ‘మొదటి మహిళా దంతవైద్యురాలు’ అని రాస్తుంటారు. ఎవరికి వారు మొదటివారే. ఒకరి వెనక ఒకరున్నారని చెప్పేవాళ్ళు లేకపోతే ప్రతి ఆడదీ మొదటిదే అవుతుంది.

అమెరికాలో లూసీ హాబ్స్ డాక్టరీ చదువుతానని వెళ్తే సిన్సినాటిలో కాదన్నారు. దంతవైద్యమైతే ఆడవాళ్ళకు సరిపోతుందని అక్కడి ప్రొఫెసరే సలహా ఇచ్చాడు. సరేనని డెంటల్ కాలేజీకి వెళ్తే వాళ్ళూ కాదన్నారు. ఆమె ఊరుకోకుండా ఒక డాక్టరు దగ్గర పని నేర్చుకుని సొంతంగా ప్రాక్టీసు పెట్టింది. అయోవా రాష్ట్ర దంతవైద్యుల సంఘం 1865లో సభ్యత్వమిచ్చాక కాలేజీ దిగొచ్చింది. 1866లో పట్టా వచ్చింది. పెళ్ళయ్యాక మొగుడికి తానే దంతవైద్యం నేర్పి పక్క కుర్చీలో నిలబెట్టింది. మా క్లాసు అమ్మాయిలకు ఈ కథ చెప్తే అందరికీ నచ్చిన భాగం ఇదే.

‘ఆడవాళ్ళకు సరిపోతుంది’. 1859 ప్రాంతంలో సిన్సినాటిలో అన్న ఆ మాటే 1990లో జహీరాబాద్‌లో మా బావ మా నాయినతో అన్నాడు. నైట్ డ్యూటీలుండవు, ఎమర్జెన్సీలుండవు, ఇంటి ముందు గదిలో కుర్చీ వేసుకుంటే చాలు, వంట చూసుకుంటూ పళ్ళు చూసుకోవచ్చు. నన్ను ఆ చదువుకు పంపిన వాదన అది. ఏడాది తిరక్కుండా నాకు సంబంధాలు తెచ్చిన వాదన కూడా అదే. ఇప్పుడు డెంటల్ కాలేజీల్లో సగానికి పైగా అమ్మాయిలే. అది మా విజయమని సభల్లో చెప్తారు. నిజమే, కొంత. మిగతా కొంతలో మా బావలాంటి వాళ్ళ లెక్కలున్నాయి.

లెక్కలంటే గుర్తొచ్చింది. మా నాయిన అల్లం, ఆలుగడ్డ పండించేవాడు. నా డొనేషన్ కోసం రెండెకరాల ఎర్రనేల అమ్మాడు. ప్రేమతోనే అమ్మాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆయన పోయాక ఇనప్పెట్టెలో ఖర్చుల పుస్తకం దొరికింది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజులు ‘సదువు’ అనే పేజీలో ఉన్నాయి. నా డొనేషన్ ‘పెద్దపిల్ల పెండ్లి’ అనే పేజీలో, బంగారానికీ వంటపాత్రలకీ మధ్య ఉంది. ఆంధ్రప్రదేశ్ చేసిన వారసత్వ చట్ట సవరణ ప్రకారం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. అంటే అమ్మిన రెండెకరాల్లో నా భాగం కూడా ఉంది, మిగిలినదాంట్లోనూ ఉంది. మా ఇంట్లో ఆ చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. హక్కు వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టమని తమ్ముడు వచ్చినప్పుడు ఆ ఖర్చుల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఆ కాగితం ఇంకా సంతకం లేకుండానే ఉంది. దీపావళికి మాత్రం వస్తాడు, పిల్లల పళ్ళు చూపించుకుని పోతాడు, ఫీజు తీసుకోను.

సావనీరులో పట్టని కథ ఇంకొకటుంది. అబ్బాయిలు ప్రతి కలయికలోనూ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పే జోకు. ఫస్టియర్లో సీనియర్లు అమ్మాయిల్ని వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించి పళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. ‘కేస్ షీట్ రాయడం’ అని దానికి పేరు. ఒకడు పిలిచేవాడు, ఒకడు రాసేవాడు, చుట్టూ ఇంకో పదిమంది వ్యాఖ్యానం. వ్యాఖ్యానం పళ్ళ దగ్గర ఆగేది కాదు. మాలో ఒకమ్మాయికి ముందుపన్ను విరిగి ఉండేది. కర్నూలు జిల్లా పిల్ల, నా రూమ్మేటు. ఆమెను ప్రతిసారీ నవ్వమనేవారు. నవ్వితే అందరూ నవ్వేవారు, నవ్వకపోతే నవ్వేదాకా నిలబెట్టేవారు. మూడో వారానికి ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అన్నం కూడా తినేది కాదు. రెండో నెల్లో ఒక ఆదివారం వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. ర్యాగింగ్‌ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టమొచ్చింది. సుప్రీంకోర్టు 2001లో దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. 1990లో దాన్ని సరదా అనేవారు. కట్టిన డొనేషన్ తిరిగివ్వడం నిబంధనల్లో లేదన్నారు. సంవత్సరానికి ఒక విద్యార్థి మానెయ్యడం మామూలేనని కూడా అన్నారు.

ఆ జోకు చెప్పేవాళ్ళకు ఇప్పుడామె పేరు గుర్తులేదు. ‘పన్ను విరిగినమ్మాయి’ అంటారు. సావనీరు ఫొటోలో ఆమె లేదు, అది ఆమె వెళ్ళిపోయాక తీసిన ఫొటో. అందులో వెనక వరస అబ్బాయిలు నోరంతా తెరిచి నవ్వుతున్నారు. ముందు వరసలో ఇరవై ముగ్గురం, ఒక్కరికీ పళ్ళు కనిపించడం లేదు.

ఈ వ్యాసం మొదలుపెట్టాక ఆమె ఫోన్ నంబరు సంపాదించాను. డిగ్రీ చదివి, బి.ఇడి. చేసి, బళ్ళో జీవశాస్త్రం చెప్తూ రిటైర్మెంటుకి దగ్గర పడుతోంది. పన్ను ఎప్పుడో కట్టించుకుందట. నీ కథ రాయొచ్చా అని అడిగాను. పేరు వద్దు, మిగతాది రాయమంది. ఇంకా వివరంగా చెప్పమంటే ఆ సీనియర్ల పేర్లన్నీ వరసగా, ఇంటిపేర్లతో సహా చెప్పింది. నేను రాసుకున్నాను, ఇక్కడ వెయ్యను. కాసేపయ్యాక, తను వెళ్ళేటప్పుడు మంచం కింద వదిలేసిన సీసా ఏమైందని అడిగింది. కర్నూల్లో వాళ్ళ మేనమామ క్లినిక్ నుంచి తెచ్చుకున్న పళ్ళు. అందులో పై కోరపళ్ళు రెండున్నాయి.

ఆ సీసా పళ్ళను మేం నలుగురం పంచుకుని దిమ్మల్లో పెట్టామనీ, యూనివర్సిటీ ప్రాక్టికల్‌కి వాటినే చూపించామనీ చెప్పాను.

“ఎన్ని మార్కులొచ్చినాయి నా పండ్లకి?” అంది.

“ఇరవైకి పదిహేడు.”

“కోరపండ్లు పెట్టి కూడా పదిహేడేనా మే!” అంటూ పెద్దగా నవ్వింది.